షాకబ్జార్బర్‌లో నూనె ఎటు పోయింది?

పాత కారు ముందు మడ్‌గార్డ్ మీద రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి ఒక్కసారి కిందికి నొక్కి వదిలేయండి. పైకి లేచి, కాస్త దిగి నిలబడిపోతే ఫరవాలేదు. ఊయలలా మూడు నాలుగు సార్లు ఊగితే మాత్రం ‘షాకప్‌లు పోయాయి’ అంటారు మెకానిక్కులు. చాలాసార్లు పోయేది షాకప్ కాదు, అందులో ఉండాల్సిన నూనె.

అసలు ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను కాచుకునేది స్ప్రింగు. కానీ స్ప్రింగు తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది, అందుకే ఊపు. ఆ ఊపును చంపి వేడిగా మార్చడమే షాకబ్జార్బర్ పని. కారు ఒక మూల 200 కిలోలు మోస్తూ 5 సెంటీమీటర్లు కిందికి దిగిందనుకుందాం. దాదాపు 100 జౌళ్ల శక్తి. అదంతా 100 మిల్లీలీటర్ల నూనెలోకి చేరితే నూనె అర డిగ్రీ వేడెక్కుతుంది. ఇంతేనా అనిపిస్తుంది కానీ, మన రోడ్ల మీద గంటసేపు తిరిగొచ్చి షాకబ్జార్బర్‌ను ముట్టుకుంటే తెలుస్తుంది.

ఇప్పటి గొట్టం రకం షాకబ్జార్బర్లకు చాలావరకు మూతలు శాశ్వతంగా మూసేసి ఉంటాయి. పాడైతే మార్చడమే. విప్పి నూనె పోసుకునే రకం చూడాలంటే మోరిస్ మైనర్ దగ్గరికి వెళ్లాలి. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పనలో 1948లో బ్రిటన్‌లో విడుదలైన ఈ బుజ్జి కారు ఆధారంగానే మన దేశంలో బేబీ హిందుస్థాన్ తయారైంది. 1980 దాకా తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారుకూ ఇదే తరహా షాకబ్జార్బర్లు ఉండేవి.

చూడ్డానికి ఒక లోహపు దిమ్మ, దాని పక్కనుంచి బయటికి చాచిన ఒక ఇనుప చెయ్యి. చక్రం ఎగిరినప్పుడల్లా ఆ చెయ్యి లోపలి ఇరుసును తిప్పుతుంది, ఇరుసు రెండు పిస్టన్లను ముందుకూ వెనక్కూ తోస్తుంది. నూనె ఒక సిలిండర్‌లోంచి రెండో దాంట్లోకి వెళ్లాలంటే సన్నటి వాల్వు దాటాలి. జంతికల గొట్టం తెలుసుగా? మెల్లగా నొక్కితే పిండి దారాల్లా దిగుతుంది, తొందరపడితే చేతులు నొప్పెడతాయి. ఇక్కడా అంతే: ఎంత వేగంగా తోస్తే నూనె అంత ఎదురు తిరుగుతుంది. నూనె తగ్గి గాలి చేరితే ఆ ఎదురు ఉండదు, ఎందుకంటే గాలి నలుగుతుంది, నూనె దాదాపు నలగదు. కారు నుంచి విడదీసిన షాకబ్జార్బర్ చెయ్యిని పట్టుకుని ఆడిస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొదట కొంతదూరం వదులుగా జారి, ఆ తర్వాత హఠాత్తుగా బిగుస్తుంది.

విడదీయడం అన్నాను కానీ, అక్కడో ప్రమాదం ఉంది. మైనర్ ముందు చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే లింకు కూడా ఈ చెయ్యే. కింద జాకీ, స్టాండు సరిగ్గా పెట్టకుండా విప్పితే మెలితిరిగి ఉన్న టార్షన్ బార్ (ఈ కారులో స్ప్రింగు పని చేసే ఉక్కు కడ్డీ) బలమంతా ఒక్కసారి విడుదలవుతుంది. తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఆ పని వద్దు.

నూనె పోయడం మాత్రం ఇంట్లో చేసుకునే పనే. పోసే రంధ్రం మూత తీసే ముందు చుట్టుపక్కల మట్టిని బ్రష్షుతో, కిరోసిన్‌తో కడగండి. ఈ ఒక్క పనికి అరగంట పట్టినా పట్టనివ్వండి. లోపల పడిన ఇసుక రేణువు వాల్వు కింద ఇరుక్కుందంటే అది మూసుకోదు, షాకబ్జార్బర్ ఉన్నా లేనట్టే. నూనె రంధ్రం అంచు కిందివరకే పోయాలి. పైన వదిలే ఖాళీ నూనె వేడెక్కి ఉబ్బడానికి. పోసిన తర్వాత చెయ్యిని చివరినుంచి చివరిదాకా పదిసార్లు ఆడించి, బుడగలు పోయాక మళ్లీ మట్టం చూడాలి.

ఏ నూనె? అసలు షాకబ్జార్బర్ నూనె దొరక్కపోతే 20 గ్రేడు మినరల్ ఆయిల్ వాడేవారు. ఇప్పుడు చాలామంది బైకు ఫోర్క్ ఆయిల్ పోస్తున్నారు. బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దే వద్దు, అది ఈ సీళ్లకు పడదు. చిక్కటి నూనె పోస్తే బండి గట్టిగా నిలుస్తుందన్న మాట కూడా వినిపిస్తుంది. నాకు ఆ చిట్కా నచ్చదు. చల్లగా ఉన్నప్పుడు చక్రం చిన్న గుంతకే బిగుసుకుపోతుంది, వేడెక్కాక నూనె ఎలాగూ పలచబడుతుంది.

మూతలన్నీ బిగించాక ఇరుసు బయటికొచ్చే చోట శుభ్రంగా తుడిచి, ఓ వారం తిరగండి. తర్వాత అక్కడ వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే మంచిదే. వేలికి నూనె, దుమ్ము కలిసిన నల్లటి ముద్ద అంటిందంటే ఇరుసు చుట్టూ ఉన్న బుష్షు (లోహపు తొడుగు) అరిగిపోయింది. అక్కడ సీల్ ఒక్కటి మార్చినా ఆగదు, ఎన్ని డబ్బాలు పోసినా ఆగదు. కొత్త బుష్షు వేయగలిగిన లేతు వర్క్‌షాపు వెతుక్కోవాల్సిందే.