పారాలింపిక్స్‌లో ముగ్గురి కీల్‌బోట్: సోనార్ ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది

2016 సెప్టెంబరులో రియో డి జనీరోలోని గ్వానబారా తీరంలో సోనార్ అనే కీల్‌బోట్లు, అంటే అడుగున కీల్ అనే బరువైన రెక్క ఉన్న తెరచాప బోట్లు, 14 పోటీపడ్డాయి. కాలిన్ హారిసన్, రసెల్ బోడెన్, జొనాథన్ హారిస్‌ల ఆస్ట్రేలియా జట్టు స్వర్ణం గెలిచింది. రజతం అమెరికాకు, కాంస్యం కెనడాకు దక్కాయి. అవే ఆఖరి రేసులన్న సంగతి నీళ్లలోకి దిగక ముందే అన్ని జట్లకూ తెలుసు. 2015 జనవరి 31న అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ టోక్యో క్రీడల జాబితాను ఖరారు చేస్తూ సెయిలింగ్‌నూ, ఏడుగురు ఆడే ఫుట్‌బాల్‌నూ తీసేసింది. రేసుల్లో పస లేదన్నది కారణం కాదు, ఆట చాలినన్ని దేశాల్లో లేదన్నది కారణం. సోనార్ పుట్టుక నుంచీ చూస్తే ఈ రెండో మాట అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. దివ్యాంగులకు ఆ బోటు అంత బాగా సరిపోవడానికీ, అది ఎక్కువ దేశాలకు చేరకపోవడానికీ మూలం ఒకటే: దాని బరువు, దాని ముగ్గురు సిబ్బంది.

ఒక్కరే నడిపే చిన్న లేజర్ బోటు రూపకర్త బ్రూస్ కిర్బీయే 1980 ప్రాంతంలో సోనార్‌నూ గీశాడు. అమెరికాలోని కనెక్టికట్‌లో ఉన్న నోరటన్ యాట్ క్లబ్బు సభ్యుల కోసం చేసిన బోటు అది. దివ్యాంగుల ఊసు అప్పటికి లేదు. పొడవు 7 మీటర్లు, వెడల్పు దాదాపు 2.4 మీటర్లు, నీటిలో లోతు 1.2 మీటర్లు, బరువు సుమారు 950 కిలోలు. ఆ బరువులో నలభై శాతానికి పైగా అడుగున ఉన్న కీల్‌లోని సీసమే. బరువైన కీల్ లేని చిన్న డింగీ బోటైతే గాలి గట్టిగా కొట్టినప్పుడు మనుషులు అంచు మీదికి వెళ్లి వెనక్కి వాలాలి, లేకుంటే బోల్తా పడుతుంది. సోనార్‌లో ఆ పని చాలావరకు సీసమే చేస్తుంది. కాళ్లు కదలని మనిషి కూడా భయం లేకుండా కూర్చోవచ్చు. ఇంకో లాభం కూర్చునే జాగా. సిబ్బంది కూర్చునే కాక్‌పిట్ బోటు పొడవులో దాదాపు సగం ఉంటుంది. అందులో అడ్డంగా బెంచీ వేసుకోవచ్చు, పట్టుకోవడానికి కడ్డీలు బిగించుకోవచ్చు, ఒక్కొక్కరి శరీరానికి తగ్గట్టు సీటు మార్చుకోవచ్చు.

బోటు ఒక ఎత్తయితే, జట్టు కూర్పు నియమం మరో ఎత్తు. ప్రతి సెయిలర్‌కూ 1 నుంచి 7 వరకు పాయింట్లు ఇచ్చేవారు. వైకల్యం ఎంత తీవ్రమైతే పాయింట్లు అంత తక్కువ. శరీరాన్ని నిలబెట్టుకునే శక్తి, చేతి పట్టు, బోటులో ఒక చోటి నుంచి మరో చోటికి కదలగలగడం, చూపు, వీటన్నిటినీ పరీక్షించేవారు. చూపు విషయంలో మూడే మెట్లు: పూర్తిగా లేనివారికి 3, కొంత ఉన్నవారికి 5, ఇంకొంచెం మెరుగ్గా ఉన్నవారికి 7. ముగ్గురి మొత్తం 14 దాటకూడదు. అంటే 7, 5, 2 చెల్లుతుంది. 6, 4, 4 కూడా చెల్లుతుంది. 5, 5, 5 అయితే 15 కాబట్టి చెల్లదు. కాస్త తేలికైన వైకల్యం ఉన్న ముగ్గురిని ఏరుకుని దిగిపోయే దారి దీనితో మూసుకుపోయింది. తీవ్ర వైకల్యం ఉన్నవారికి జట్టులో చోటు దయతో కాకుండా లెక్కతో దొరికింది. పారాలింపిక్ సెయిలింగ్‌లో అన్నిటికన్నా తెలివైన నియమం ఇదేనని చెప్పాలి.

నీళ్లలో ఈ లెక్క ఎలా పరీక్షకు వస్తుందో చూడాలంటే ఎదురుగాలిలో ఒక్క టాక్, అంటే బోటు ముక్కును గాలి మీదుగా మరో పక్కకు తిప్పడం, చాలు. చుక్కాని దగ్గరున్నవారు పిలుపిచ్చి చుక్కానిని తిప్పే కర్ర అయిన టిల్లర్‌ను గాలి దిగువ వైపుకు మెల్లగా నెడతారు. ముక్కు గాలిని దాటుతుండగా ముందువారు జిబ్ (ముందున్న చిన్న తెరచాప) తాడు వదలాలి. తొందరపడితే బోటుకు ఊపు తగ్గుతుంది. ఆలస్యమైతే జిబ్‌లో గాలి అవతలి వైపు నుంచి నిండి ముక్కును కావలసిన దానికన్నా ఎక్కువ తిప్పేస్తుంది. ఆ తర్వాత కొత్త వైపు తాడు లాగాలి. మొదట తేలిగ్గానే వస్తుంది గానీ, తెరచాపలో గాలి నిండాక చివరి జానెడు లాగడానికి బలం కావాలి. ముందువారికి చేతిపట్టు తక్కువైతే చుక్కాని పట్టినవారు రెండు మూడు సెకన్లు ముక్కును గాలి వైపుకే ఉంచి, తాడు పూర్తిగా వచ్చాకే బోటును దారిలో పెడతారు.

ఈలోగా ముగ్గురూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారాలి. కాళ్లు పనిచేయనివారు చేతుల మీద ఒత్తిడి వేసి బెంచీ మీదుగా జరుగుతారు. వాళ్లు దాటేలోగా గాలి నిండితే ఆ బరువు గాలి దిగువ వైపే ఉండిపోతుంది. బోటు ఒరుగుతుంది, ముక్కు గాలిలోకి తిరగబోతుంది, ఆపడానికి చుక్కాని గట్టిగా లాగాల్సి వస్తుంది. అడ్డం తిరిగిన చుక్కాని నీటిలో బ్రేకులా పనిచేస్తుంది. అందుకే ఈ జట్లకు ప్రతి టాక్ మామూలు జట్లకన్నా ఖరీదైనది. స్టార్ట్ దగ్గరే కోరుకున్న వైపు తేట గాలి దొరకకపోతే, ముందు బోటు చెదరగొట్టిన గాలి నుంచి తప్పించుకోవడానికి రెండు టాక్‌లు అదనంగా పడతాయి. మామూలు సోనార్ రేసుల్లో వెనక గాలికి ఎగరేసే పెద్ద తెరచాప స్పిన్నేకర్ పారాలింపిక్స్‌లో ఉండేది కాదు. వెనక గాలిలో జిబ్‌నే ఒక కర్రతో పక్కకు విప్పి పట్టేవారు.

1996 అట్లాంటాలో సోనార్‌ను ప్రదర్శన క్రీడగా పెట్టారు. ఆండీ కాసెల్ సారథ్యంలో బ్రిటన్ గెలిచింది. 2000 సిడ్నీలో పూర్తి స్థాయి పతకాలు వచ్చాయి. అక్కడ స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియా సారథి నోయెల్ రాబిన్స్ పేరున్న యాట్ రేసు అయిన అమెరికాస్ కప్‌లో 1977లో ఆస్ట్రేలియా బోటును నడిపినవాడు. ఇది పేరుకు పెట్టిన పోటీ కాదని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. 2004 ఏథెన్స్‌లో ఇజ్రాయెల్, 2008 బీజింగ్ క్రీడల్లో జర్మనీ, 2012 లండన్ క్రీడల్లో నెదర్లాండ్స్ స్వర్ణాలు తీసుకున్నాయి. లండన్‌లో బ్రిటన్ జట్టు పతకం పోగొట్టుకున్నది నీటి మీద కాదు. బోటు నిర్వహణ నిబంధనను సహాయక సిబ్బంది ఉల్లంఘించినందుకు పెనాల్టీ పాయింట్లు పడి అయిదో స్థానానికి జారింది. ఎన్నో స్థానమైతే అన్ని పాయింట్లు, ఎవరికి తక్కువైతే వారే విజేత అనే ఈ పద్ధతిలో కొద్ది పాయింట్లు కూడా పతకాన్ని మార్చేస్తాయి.

ఒలింపిక్స్ వైపు ముగ్గురి కీల్‌బోట్ కథ ఇంకా పాతది. నార్వేకు చెందిన యోహాన్ ఆంకర్ గీసిన డ్రాగన్ 1948 నుంచి 1972 వరకు ఉంది. 1972లోనే వచ్చిన సోలింగ్ 2000 దాకా సాగింది. మహిళలకు 2004, 2008లో ఇంగ్లింగ్, 2012లో ఎలియట్ 6 మీటర్ బోట్లు పెట్టారు. రియోకు వచ్చేసరికి ఒలింపిక్ సెయిలింగ్‌లో కీల్‌బోటే లేదు. అంటే పారాలింపిక్స్ సోనార్‌ను వదులుకునే నాటికి పక్కింట్లో కూడా ఆ తరహా బోటుకు చోటు పోయింది.

ఇక దేశాల లెక్క. పారాలింపిక్ కమిటీ నిబంధన ప్రకారం ఆట విస్తృతంగా, క్రమం తప్పకుండా సాగుతూ ఉండాలి. జట్టు క్రీడైతే కనీసం 24 దేశాల్లో, వ్యక్తిగత క్రీడైతే 32 దేశాల్లో, రెండింటికీ మూడు ఖండ ప్రాంతాల్లో. సెయిలింగ్ ఈ గీత దాటలేకపోయింది. సోనార్ ఒక దేశంలో వేళ్లూనుకోవాలంటే ఏమేం కావాలో చూస్తే ఎందుకో అర్థమవుతుంది. దాదాపు టన్ను బరువున్న బోటును నీటిలోకి దించడానికి క్రేను ఉండాలి. కీల్ నేలకు తగలని లోతున్న రేవు ఉండాలి. వీల్‌చైర్ దిగడానికి నీటి మట్టంతో పాటు పైకీ కిందికీ కదిలే తేలు వేదిక, మనిషిని ఎత్తి బోటులో కూర్చోబెట్టే హాయిస్ట్, వెంట వెళ్లే రక్షణ బోటు ఉండాలి. వీటన్నిటి తర్వాత, 14 పాయింట్ల లెక్కకు సరిపోయే ముగ్గురు ఒకే ఊళ్లో సాధన చేయగలగాలి. వారిలో ఒకరు మానేస్తే అదే పాయింట్లున్న ఇంకొకరు దొరకాలి. లేదంటే జట్టునే మళ్లీ పేర్చుకోవాలి. జట్టులో న్యాయం నిలబెట్టిన నియమమే కొత్త దేశాలకు గడప ఎత్తు పెంచింది.

దివ్యాంగుల సెయిలింగ్‌ను చూసే సంఘం 2014 చివర్లోనే ప్రపంచ సెయిలింగ్ సమాఖ్యలో విలీనమైంది. రెండు నెలలు గడిచాయో లేదో వేటు పడింది. తర్వాత సమాఖ్య ప్రయత్నం చిన్న బోట్ల వైపు మళ్లింది. ఆస్ట్రేలియాలో పుట్టిన హాన్సా 303 అందుకు ఉదాహరణ: పొడవు మూడు మీటర్లు, సెయిలర్ అడుగున ముందుకు చూస్తూ కూర్చుంటాడు, పక్క మారే అవసరం లేదు, జాయ్‌స్టిక్‌తో నడపవచ్చు. ఒక్కరు చాలు. అయినా 2019 జనవరిలో ప్రకటించిన పారిస్ జాబితాలో సెయిలింగ్ లేదు. 2023 జనవరిలో లాస్ ఏంజెలెస్ 2028కి మళ్లీ కాదన్నారు. ఆ క్రీడలకు కొత్తగా చేరింది పారా క్లైంబింగ్. సెయిలింగ్ ఎప్పటికైనా తిరిగి వచ్చినా అది ఇలాంటి చిన్న బోట్లతోనే రావచ్చు. టన్ను బరువు కీల్‌బోటుకు మళ్లీ పిలుపు వస్తుందని నమ్మడానికి ఆధారమేదీ కనిపించదు.