ఎంట్రన్స్‌కి పోయే పిల్లలకు, చెవి గురించి

పిల్లలూ, ఎట్లున్నారు. మీలో కొందరు ఈసారి మ్యూజిక్ కాలేజీ ఎంట్రన్స్‌కి పోతున్నారని, ఇంకొందరు కీబోర్డు గ్రేడ్ పరీక్షకి ఫీజు కట్టేసినారని మీ అమ్మలు చెప్పినారు. చాలా సంతోషం. కానీ మీరు ప్రిపేర్ అయ్యే పద్ధతి విన్నప్పటినుంచి మనసులో ఒకటే మెలికపెడతా ఉంది, అందుకే రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ఒక కీర్తన బాగా బట్టీ కొట్టుకుని పోతే చాలు తాతా, ఆ తర్వాత 72 మేళకర్తల్లో, అంటే మూలరాగాల్లో, 15వది ఏది లాంటి బిట్ ప్రశ్నలు నాలుగు అడుగుతారు అంతే అన్నారు మీరు. నిజమే, చాలాచోట్ల ఇప్పుడు అంతే జరుగుతా ఉంది, నేను చూస్తానే ఉన్నా. మా కాలంలో పాట ఆఖర్న అడిగేవాళ్లు. ముందు తంబూరా మీటి షడ్జం, అంటే స, పలకమనేవాళ్లు, అది ఒక్కటి నిలబడిందా లేదా అని చాలాసేపు వినేవాళ్లు. ఆ తర్వాత అయ్యవారు అకారంలో చిన్న సంగతి, అంటే రాగంలో ఒక ముక్క, పాడితే మనం అట్లే తిరిగి పాడాల, పాడినాక దాని స్వరాలు చెప్పాల. ఇంతలో శ్రుతి మార్చేసి మళ్లీ పాడమనేవాళ్లు. ఇంట్లో నేర్చుకొచ్చిన పాటతో అక్కడ నెట్టుకురావడం కుదిరేది కాదు, ఎందుకంటే వాళ్లు చూసేది మనకి ఏం వచ్చో కాదు, ముందుముందు మనకి నేర్పితే అంటుతుందా లేదా అని.

అది ఎందుకు పోయిందంటే ఒక్క కారణం కాదు. సీట్లు నిండకపోతే కోర్సు ఎత్తేస్తారని భయం, అందుకని వచ్చినోళ్లందరినీ తీసుకుంటారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు టైము, ఐదు నిమిషాల్లో చెవిని పరీక్షించడం కష్టం, బిట్ ప్రశ్నలైతే మార్కులు వెయ్యడం సులువు. కరోనా టైములో వీడియో పంపిస్తే చాలన్నారు, ఆ అలవాటు కొన్నిచోట్ల అట్లే మిగిలిపోయింది, వీడియో అంటే ఇరవై సార్లు పాడి బాగా వచ్చింది పంపించొచ్చు కదా. మనదగ్గరే కాదు, లండన్‌లో ఏబీఆర్‌ఎస్‌ఎం అనే పరీక్షల బోర్డు ఉంది, వాళ్ల మామూలు ప్రాక్టికల్ గ్రేడ్‌లో 150 మార్కులకి 18 చెవి పరీక్షకే ఉంటాయి, 2020లో వాళ్లే ఇంకో రకం గ్రేడ్ పెట్టినారు, దాంట్లో పాటలు వాయించి వీడియో పంపడమే, చెవి పరీక్ష అసలు లేదు. ట్రినిటీ అని ఇంకో పరీక్షల బోర్డు ఉంది, వాళ్ల దాంట్లో ఐదో గ్రేడ్ దాకా నాలుగు టెస్టుల్లో రెండు మనమే ఎంచుకోవచ్చు, చెవి పరీక్ష వద్దంటే వదిలెయ్యొచ్చు. మీ కీబోర్డు సార్ దాన్నే వదిలెయ్యమని చెప్పి ఉంటాడు, అవునా కాదా. సార్ మీద కోపం లేదు నాకు, రిజల్ట్ చూపించకపోతే ఆయనకి పిల్లలు రారు. కానీ పరీక్షలో లేనిది క్లాసులో ఉండదు, క్లాసులో లేనిది మీకు రాదు, నా బాధంతా అదే.

మన ఊరి గురించి ఒకటి చెప్పాల. డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు మన కర్నూలు మెడికల్ కాలేజీలో వైద్యం చెప్పినారు, ఈ ఊళ్లోనే ఉన్నారు, 2013లో ఈ ఊళ్లోనే పోయినారు, నూరేళ్లకి కొన్ని నెలలే తక్కువ. వైద్యంతోపాటు పెద్ద సంగీత విద్వాంసులు, 1983లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చినారు ఆయనకి. నేదునూరి, వోలేటి, నూకల లాంటి సంగీత మహానుభావులు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఆయన చేసిన పనుల్లో నన్ను ఎక్కువ కట్టిపడేసేది ఆ నొటేషన్ రాయడం, మామూలుగా స రి గ మ అని కాదు, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, ఎక్కడ మొదలై ఏ స్వరాన్ని తాకి వస్తుందో అంతా అక్షరాల్లోకి దింపి సంపుటాలకి సంపుటాలు కీర్తనలు రాసినారు. అంత వివరంగా రాయాలంటే ముందు అంత వివరంగా వినిపించాల కదా. ఆ చెవి ఉన్న మనిషి తిరిగిన ఊళ్లో ఉంటూ మనం బిట్ ప్రశ్నలు చదువుకుంటున్నాం.

ఇంగ అసలు విషయానికి వస్తా. మీరు రోజూ కీబోర్డు పెట్టుకుని పాడతారు, దాంట్లో ఏం తేడా అని అడిగినారు పోయినసారి. లెక్క సులువుగా ఉంటుందని షడ్జం 240 హెర్ట్జ్ అనుకుందాం. పంచమం (ప) 360, పైషడ్జం 480, అంతర గాంధారం (పై రకం గ) 300. ఇవి తంబూరాలోంచి సహజంగా వచ్చేవి. కీబోర్డులో పన్నెండు మెట్లూ సమానంగా కోసేసినారు కాబట్టి గాంధారం 302.4 దాకా పోతుంది, పంచమం మాత్రం దాదాపు సరిగానే ఉంటుంది. ఆ రెండు హెర్ట్జ్‌ల చిల్లర తేడా ఏం లెక్క అనుకుంటారేమో, తంబూరా పక్కన పెట్టి ఆ మెట్టు నొక్కి పట్టుకోండి, రెండూ కలవక ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు వణుకు వినిపిస్తుంది. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు ఏళ్ల తరబడి కీబోర్డుతో పాడిన పిల్లల చెవికి ఆ వణుకే సరైనదిగా అలవాటైపోతుంది, ఆ తర్వాత దాన్ని మార్చాలంటే ఎంత కష్టమో నేర్పేవాళ్లకే తెలుసు. ఇంగ తోడి రాగంలో గాంధారం సంగతైతే అడగనే వద్దు, అది ఒకచోట నిలబడే స్వరమే కాదు, ఊగుతుంది, ట్యూనర్ యాప్‌లో చూస్తే ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది తప్ప ఏ పేరూ చూపించలేదు.

కాబట్టి ఏం చెయ్యాలంటే, ముందు పొద్దున పది నిమిషాలు తంబూరా వినండి, పాడొద్దు, వినండి అంతే. యాప్ అయినా పర్లేదు, హెడ్‌ఫోన్స్ వద్దు. ఆఖరి తీగ మంద్ర షడ్జం (కింది స) మోగి తగ్గుతున్నప్పుడు దాంట్లోంచి గాంధారం దానంతట అదే పలుకుతుంది, స్వయంభూ గాంధారం అంటారు. మొదట్లో వినిపించదు, కంగారు పడొద్దు, శ్రుతి చక్కగా కుదిరితే ఒకరోజు టక్కున వినిపిస్తుంది, ఆ రోజు నాకు ఫోన్ చెయ్యండి, ఎంత రాత్రైనా సరే.

రెండోది, ఒకరు పాడితే ఇంకొకరు స్వరాలు చెప్పే ఆట. మోహన, హంసధ్వని రాగాలు రెంటికీ తేడా ఒక్క స్వరం, ఒకదాంట్లో ధైవతం (ద), రెండోదాంట్లో నిషాదం (ని), అక్కడినుంచి మొదలుపెట్టండి. అది వచ్చినాక మోహన స్వరాలే పెట్టుకుని రిషభాన్ని (రి) షడ్జం అనుకుని పాడండి, మధ్యమావతి రాగం వస్తుంది, గాంధారం నుంచి పాడితే హిందోళం, పంచమం నుంచి శుద్ధసావేరి, ధైవతం నుంచి శుద్ధధన్యాసి. పుస్తకంలో గ్రహభేదం అని రెండు లైన్లలో చదివి మార్కులు తెచ్చుకున్నదాన్ని ఒక్కసారి మీ గొంతుతో చేసి చూడండప్పా, ఒళ్లు జలదరిస్తుంది.

కరెంటు ఉన్నంతసేపు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుంయ్ అంటా ఉంటుంది కదా, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ చప్పుడు 100, దాన్ని షడ్జం అనుకుని దూరంగా అరుగు మీద కూర్చునే పంచమం పట్టండి. దగ్గరికి మాత్రం పోవద్దు.

చెవి పుట్టుకతో రావాల, మాకు లేదు అని మీలో ఒకరన్నారు, ఆ మాట నేను ఒప్పుకోను. సురభి నాటకాలు పుట్టింది మన కడప జిల్లాలో, 1885లో, వాళ్ల పిల్లలు పరీక్షలు రాసి పాడలేదు, రోజూ హార్మోనియం పక్కన పెరిగినారు, విన్నారు, పాడినారు. మన పల్లెల్లో పద్యనాటకాలు వేసే రైతులకి రాగం పేరు కూడా తెలియకపోవచ్చు, కానీ హార్మోనిస్టు శ్రుతి చూపించగానే పద్యం ఎత్తుకోవడంలో తప్పరు.

ఎంట్రన్స్ రోజు పాట అయిపోయినాక ఇంగ పో అంటే వెంటనే లేవొద్దు. సార్, మీరొక సంగతి పాడండి, తిరిగి పాడతా, అని మర్యాదగా అడగండి. పాడితే పాడతారు, లేదంటే నవ్వి పంపించేస్తారు, మార్కులేమీ పోవు. ఈ ఆదివారం పొద్దున అందరూ ఇంటికి రండి, ఆ అలవాటు ముందు నాతోనే మొదలుపెడదాం, కీబోర్డు తేవొద్దు.

మీ తాత