బాలింతల వార్డు నుంచి: అమెరికాలో జాతి, ఆరోగ్యం, ఓటు - అపోహలు, వాస్తవాలు

అట్లాంటాలో బాలింతల వార్డులో పన్నెండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. మా ఇల్లు ఊరికి ఉత్తరాన, మనవాళ్ళు ఎక్కువగా ఉండే వైపు. నైట్ డ్యూటీ దిగి, వారాంతంలో ఏ సీమంతానికో వెళ్తే, భోజనాల దగ్గర నల్లజాతి వాళ్ళ గురించి కొన్ని మాటలు దొర్లుతుంటాయి. చెడ్డ మనసుతో అనేవి కావు చాలావరకు. ఎక్కడో విన్నవి విన్నట్టు అనేస్తారు. ఆ మాటలకీ, నేను రాత్రంతా చూసి వచ్చినదానికీ పొంతన ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "వాళ్ళలో బాలింత మరణాలు ఎక్కువంటే చదువు లేక, డబ్బు లేక, ఒళ్ళు చూసుకోక."

వాస్తవం: ముందు లెక్క చెప్తాను. 2023లో అమెరికాలో ప్రతి లక్ష జననాలకు తెల్లజాతి తల్లుల మరణాలు 14.5. నల్లజాతి తల్లుల మరణాలు 50.3. కారణం చదువే అయితే, బాగా చదువుకున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా పోవాలి కదా. పోవడం లేదు సరికదా, అక్కడే ఇంకా పెరుగుతోంది. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2019లో బయటపెట్టిన లెక్కల ప్రకారం, డిగ్రీ ఉన్న నల్లజాతి తల్లుల మరణాల రేటు అంతే చదువుకున్న తెల్లజాతి తల్లుల రేటుకు 5.2 రెట్లు. హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి తల్లుల కన్నా కూడా ఎక్కువే.

డబ్బు సంగతికొస్తే నల్లజాతి టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ కన్నా ఉదాహరణ ఏం కావాలి? 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఆమెకు ఊపిరి అందలేదు. రక్తం గడ్డకట్టే సమస్య తనకు ముందే ఉందని, సీటీ స్కాన్ చేయమని ఆమే అడిగింది. మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందని నర్సు అనుకుంది. ముందు కాళ్ళకు అల్ట్రాసౌండ్ చేశారు. చివరికి సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు కనబడ్డాయి. ప్రపంచానికంతా తెలిసిన మనిషి, తన రోగం పేరు తానే చెప్పినా, వెంటనే నమ్మలేదు.

నా కళ్ళముందు జరిగింది కూడా చెప్పాలి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు, వేరే ఆసుపత్రిలో. కాన్పయిన రెండో రోజు, ఒక స్కూల్ టీచర్, నల్లజాతి అమ్మాయి, తల పగిలిపోతోందంది. పగటి షిఫ్టులో కూడా చెప్పిందట. చార్టులో మాత్రం "అలసట, నిద్ర లేదు" అని ఉంది. నేనూ అదే చదివి, పారాసెటమాల్ ఇచ్చి వచ్చేశాను. రాత్రి రెండింటికి వాళ్ళమ్మ బయటికి వచ్చి, గొంతు పెంచకుండా, "నా కూతురు ఇది మూడోసారి చెప్పడం" అంది. వెళ్ళి బీపీ కట్టాను. 172/114. పట్టీ సరిగ్గా కట్టలేదేమోనని రెండో చేతికి కట్టాను. అదే. మన ఊళ్ళలో గుర్రపువాతం అంటారే, దానికి ముందు మెట్టు అది. ఫిట్స్ వస్తే చేతుల్లోంచి పోయేది. డాక్టర్‌ని పిలిచి, బీపీ మందు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించాం. తెల్లారేసరికి కుదుటపడింది. చెడ్డవాళ్ళం కాదు మేము ఎవ్వరం. కానీ ఆ పిల్ల చెప్పిన మాట మా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ రాత్రి నుంచి, తలనొప్పి అన్న బాలింత ఎవరైనా సరే, ముందు బీపీ చూస్తాను, తర్వాతే చార్టు.

అపోహ: "వాళ్ళ శరీరాలే వేరు. నొప్పి బాగా ఓర్చుకుంటారు."

వాస్తవం: ఇది మనవాళ్ళే కాదు, వైద్యం చదివేవాళ్ళు కూడా నమ్మారు. వర్జీనియా విశ్వవిద్యాలయం 2016లో తెల్లజాతి వైద్య విద్యార్థుల్ని, రెసిడెంట్లని (ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్లని) అడిగి చూస్తే, దాదాపు సగం మంది నల్లవాళ్ళ చర్మం మందం లాంటి తప్పుడు మాటల్లో ఒక్కదాన్నైనా నిజమనుకున్నారు. నమ్మినవాళ్ళు నొప్పిని తక్కువగా అంచనా వేశారు.

మనుషుల బుర్రల్లోనే కాదు, లెక్కల్లో కూడా ఇది దూరింది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే సూత్రంలో, రోగి నల్లజాతి అయితే వచ్చిన అంకెను 1.159తో హెచ్చించేవారు. అంటే తెల్లవాడికి 19 వచ్చే రక్తపరీక్షకే నల్లవాడికి 22 వచ్చేది. 20కి దిగితేనే కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసిన కాలం లెక్కలోకి వస్తుంది. ఒకే రక్తం, ఒకే కిడ్నీ, ఒకరు లైన్లో ఉన్నారు, ఒకరు బయట. 2021లో ఆ హెచ్చింపు తీసేయమన్నారు. 2023 నుంచి, అలా పోగొట్టుకున్న కాలాన్ని నల్లజాతి రోగులకు తిరిగి కలపాలని మార్పిడి కేంద్రాలన్నిటికీ నియమం పెట్టారు. ఈ మధ్యలో ఎదురుచూస్తూ పోయినవాళ్ళకు కలిపేదేముంది?

అపోహ: "వివక్ష అదంతా పాతకాలం. 1960ల్లోనే దాన్ని ఆపే చట్టాలు వచ్చేశాయి."

వాస్తవం: చట్టం వచ్చింది, ఊరు మారలేదు. 1930ల్లో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీసి, నల్లవాళ్ళుండే పేటలకు ఎర్రరంగు పూసింది. అక్కడ ఇంటిలోన్లు దొరకలేదు, చెట్లు నాటలేదు, రోడ్లు మాత్రం వాటి మధ్యలోంచే వేశారు. 108 నగరాల్లో చూస్తే, ఆనాటి ఎర్ర పేటల్లో ఎండాకాలం వేడి మిగతా పేటల కన్నా సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. నెలలు నిండకుండా కాన్పులు కావడానికి వేడి కూడా ఒక కారణమని మా వార్డులో అందరికీ తెలుసు.

అపోహ: "ఆసుపత్రి సంగతి ఆసుపత్రిదే, ఓటుతో ఏం పని?"

వాస్తవం: అట్లాంటా ఉన్న మా జార్జియా రాష్ట్రంలో సగానికి దగ్గరగా కాన్పుల ఖర్చు మెడికెయిడ్‌ది, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమాది. ఒకప్పుడు అది కాన్పయిన 60 రోజులకే ఆగిపోయేది. కానీ గర్భానికి సంబంధించిన మరణాల్లో సగానికి పైగా, కాన్పయిన వారం తర్వాత నుంచి ఏడాది లోపు జరుగుతాయి. 2022లో దాన్ని ఏడాదికి పెంచారు. పెంచింది డాక్టర్లు కాదు, అసెంబ్లీలో కూర్చున్నవాళ్ళు. వాళ్ళని అక్కడ కూర్చోబెట్టేది లైన్లో నిలబడగలిగినవాళ్ళు.

ఆ లైను సంగతి చూడండి. 2020 జూన్‌లో జార్జియా ప్రైమరీలో (పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికలో), సాయంత్రం ఏడు దాటాక, నూటికి 90 మందికి పైగా తెల్లేతరులున్న పోలింగ్ కేంద్రాల్లో సగటున 51 నిమిషాలు ఆగాల్సి వచ్చింది. నూటికి 90 మంది తెల్లవాళ్ళున్న చోట 6 నిమిషాలు. గంటకింత అని జీతం తీసుకునే మనిషికి, చంకలో పసిపిల్ల ఉన్న తల్లికి ఆ 45 నిమిషాల తేడా అంటే ఓటు వేయడమా, తిరిగి వెళ్ళిపోవడమా అన్నదే. ఆ మరుసటి ఏడు, జార్జియాలో పోలింగ్ కేంద్రానికి 150 అడుగుల లోపల, లైన్లో ఉన్నవాళ్ళ చేతికి నీళ్ళ సీసా అందించడం నేరమని చట్టం చేశారు. వేసవిలో బాటసారులకు చలివేంద్రం పెట్టే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. నాకిది ఇప్పటికీ మింగుడు పడదు.

అపోహ: "మనకెందుకు ఈ గొడవ?"

వాస్తవం: 1923లో ఇదే దేశపు సుప్రీంకోర్టు, భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం లేదంది. మనం ఇన్ని వేలమందిమి రావడానికి తలుపు తీసినది 1965 వలస చట్టం. నల్లవాళ్ళు దెబ్బలు తిని సాధించుకున్న ఓటుహక్కు చట్టం వచ్చిన రెండు నెలలకు, అదే పోరాటపు గాలిలో, అది వచ్చింది.

ఇంకోటి, వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్. చర్మంలోంచి వెలుతురు పంపి చదువుతుంది అది. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లని, 2020 డిసెంబరులో మిషిగన్ డాక్టర్లు చూపించారు. మరుసటి వేసవిలో గుంటూరులో మా నాన్నగారికి కోవిడ్ వస్తే, రోజుకి నాలుగుసార్లు వీడియోలో ఆ అంకె చూసేవాళ్ళం. 94 కనబడగానే హమ్మయ్య అనుకునేవాళ్ళం. ఆయనది చామనఛాయ కూడా కాదు, బాగా నలుపు. మూడో రోజు నాకు ఆ మిషిగన్ మాట గుర్తొచ్చింది. అప్పట్నుంచి అంకె అడగడం తగ్గించి, "నాన్నా, ఉదయం నుంచి ఏం చేశారో చెప్పండి" అని మాట్లాడించేదాన్ని. మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఎన్ని మాటలు చెప్పగలుగుతున్నారో లెక్కపెట్టేదాన్ని.