పాచిక చాటు: ఆటబల్ల మీది ప్రేమ నవలకెక్కితే లొల్లి ఎందుకు

ఆడిన ఆటను నవలగా రాసుకోవచ్చా, రాస్తే ఎవరినడగాలి అన్న లొల్లి హన్మకొండ, కాజీపేట ఆటబల్లల దగ్గర మళ్ళీ మొదలైంది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, ఏం జరిగేదీ పాచికలతో తేల్చుకుంటూ కథ అల్లుకునే ఆటలివి. లొల్లి రాక్షసుల గురించీ మంత్రాల గురించీ కాదు. ఇద్దరు అమ్మాయిల పాత్రల మధ్యనో, ఇద్దరు అబ్బాయిల పాత్రల మధ్యనో బల్ల మీద పుట్టిన ప్రేమ, చుట్టూ కూర్చున్న నలుగురైదుగురిని దాటి చదివేవాళ్ళ ఫోన్లలోకి పోవడం గురించి.

ఇట్లాంటి ఆటల్లో మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో ఎట్లా పుట్టిందో, అమెరికాలో దాన్ని సైతాను ఆటని ఎందుకు తిట్టారో ఈ లొల్లిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అది వదిలేద్దాం.

నవల రాసేవాళ్ళు ఆటలోకి ఇట్లాంటి ప్రేమలు వచ్చిన కథను 2014 నుంచి చెప్తారు. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో, పాత్రను ఆడ, మగ అన్న రెండు గళ్ళలోనే ఇరికించనక్కర్లేదని ఒక పేరా ఉంది. ఎల్ఫులనే కల్పిత జాతి దేవుడు కొరెలాన్‌ను ఆడా మగా కలిసిన రూపంగా చూస్తారన్న ఉదాహరణ కూడా ఉంది. మంచి పేరానే. కానీ అది ఒట్టి అనుమతి. అనుమతి దొరికినంత మాత్రాన బల్ల మీద ఏదీ జరగదు, సిగ్గుపడేవాళ్ళు సిగ్గుపడుతూనే ఉంటారు.

అసలు మలుపు అంతకు రెండేళ్ళ ముందుంది. 2012లో ఏవరీ ఆల్డర్ మాన్‌స్టర్‌హార్ట్స్ అనే ఆట తెచ్చారు. హైస్కూలు పిల్లలే పిశాచాలు, తోడేలు మనుషులు. అందులో ఒక ఎత్తు ఉంది: ఒక పాత్ర ఇంకో పాత్రలో కోరిక రేపడం. ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, 'హాట్' అనే అంకె కలపాలి. 10 గానీ ఆ పైన గానీ వస్తే ఎదుటివారి మీద ఒక 'స్ట్రింగ్', అంటే ఒక దారం, చేతికొస్తుంది. తర్వాత వాళ్ళ మీద వేసే పాచికకు 1 కలుపుకోవడం లాంటివాటికి ఆ దారాన్ని ఖర్చుపెట్టొచ్చు. 7 నుంచి 9 మధ్య పడితే ఎదుటివారు మూడింట్లో ఒకటి ఎంచుకుంటారు: లొంగిపోవడం, కోరుకుంటారనుకున్నది ఇస్తానని మాటివ్వడం, లేదా దారం అప్పగించడం. హాట్ 1 ఉన్న పాత్రకు 10 గానీ ఆ పైన గానీ వచ్చే అవకాశం 36లో 10, మధ్యలో పడేది 16, తప్పేది మళ్ళీ 10. అంటే పూర్తి గెలుపు కంటే సగం గెలుపే ఎక్కువ.

కీలకం ఇక్కడుంది. ఈ ఎత్తు ఎవరైనా ఎవరి మీదైనా వేయొచ్చు. "నా పాత్ర అసొంటిది కాదు" అని ఎదుటి ఆటగాడు అడ్డం పడడానికి లేదు. కోరిక కలిగిందా లేదా అన్నది పాచిక చెప్తుంది, కలిగాక ఏం చెయ్యాలన్నది మాత్రం ఆడేవారి ఇష్టం. మగపిల్లల మీద తప్ప మనసు పోదనుకున్న పాత్రకు, ఒక ఆడపిల్ల పాత్ర ముందు పాచిక వేరే మాట చెప్తుంది. ఈ మాదిరి ప్రేమ నవలలకు ప్రాణంగా నిలిచే మలుపు, అంటే తనకే తెలియని తన సంగతి తెలిసిరావడం, ఇక్కడ ఆట నియమమైంది.

దాంతోపాటు ఆడేవారికి ఒక చాటు దొరికింది. "నేనన్లే, పాచిక అన్నది." ఇంట్లో, హాస్టల్లో, తోటి ఆటగాళ్ళతో కూడా తన మనసు చెప్పుకోని మనిషి, ఆ ఒక్క మాట వెనక నిలబడి మూడు గంటలు తను కోరుకున్నట్టు బతకొచ్చు. చాటు లేకపోతే ఆ మూడు గంటలు లేవు. రాసేవాళ్ళు పట్టించుకోనిది దీన్నే. నవలలో పాచిక ఉండదు. ఉన్నా అది కాగితం మీది పాచిక, ఎంత పడాలో రచయితే రాస్తారు. బల్ల మీద యాదృచ్ఛికంగా జరిగింది నవలలో ఉద్దేశమైపోతుంది, చదివేవాళ్ళు ఆ ఉద్దేశాన్ని పాత్ర దాటించి మనిషికి అంటగడతారు.

పాత్ర భావం మనిషిలోకి ఇంకడాన్ని ఆటవాళ్ళు 'బ్లీడ్' అంటారు. ఆటలు తయారుచేసే ఎమిలీ కేర్ బాస్ 2007లో పెట్టిన పేరు. రంగు గుడ్డ పక్కన తెల్ల గుడ్డ నానబెట్టినట్టు. అది నిజమేనని అందరూ ఒప్పుకుంటారు కాబట్టే, "పాత్రకూ మనిషికీ సంబంధం లేదు, అది కల్పన" అన్న వాదన బల్ల దగ్గర నిలవదు.

2021లో వచ్చిన థర్స్టీ స్వోర్డ్ లెస్బియన్స్‌ను కూడా ఈ వాదనలోకి లాగుతున్నారు. ఏప్రిల్ కిట్ వాల్ష్ చేసిన ఈ ఆటకు ఆ ఏటి ఆటల రచనకు నెబ్యులా అవార్డు వచ్చింది. ఇదీ రెండు పాచికల ఆటే, ఇందులోనూ దారాలుంటాయి. కానీ తేడా ఉంది. ఇక్కడ ఎవరి మీద మనసు పడ్డదో, ఎందుకు పడ్డదో ఆడేవారే నోటితో చెప్పి, దారం వాళ్ళ చేతికివ్వాలి. చాటు తక్కువ. ఆ ఆట నుంచి వచ్చిన నవలకూ మాన్‌స్టర్‌హార్ట్స్ నుంచి వచ్చిన నవలకూ ఒకే తూకం వేయడం సరికాదు.

తెలుగులో ఆడే బల్లకు రెండో చాటు కూడా ఉంది. అది మన వ్యాకరణం. ఆడేటప్పుడు అందరూ 'నేను' అని మాట్లాడతారు: "నేను తలుపు తీస్తున్న, ఆమె చెయ్యి పట్టుకుంటున్న." హిందీలో అయితే పకడ్తా, పకడ్తీ అన్న దగ్గరే ఆడో మగో బయటపడుతుంది. తెలుగు 'నేను'కు ఆ గొడవ లేదు. పాత్ర ఆడదా, మగదా, రెండూ కాదా అన్నది తేల్చకుండా నెలల తరబడి ఆడొచ్చు. అదే ఆటను నవలలో ప్రథమ పురుషలోకి మార్చగానే ప్రతి క్రియ దగ్గరా తేల్చాలి: పట్టుకున్నాడా, పట్టుకుందా? 'తను' అని రాసినా క్రియ పట్టిస్తుంది. గౌరవ బహువచనంలో 'పట్టుకున్నారు' అంటే ప్రేమ సన్నివేశంలో హెడ్మాస్టరు దిగబడ్డట్టుంటుంది. 'పట్టుకోవడం', 'చూడడం' అని క్రియలను ముడిచి రాస్తే పది పేజీలు నడుస్తుంది, తర్వాత చదివేవారికి ఊపిరాడదు. కాస్త పనిచేసే దారి ఒక్కటే: ఆ పాత్ర భాగాలు ఆ పాత్ర నోటితోనే, 'నేను'లోనే రాయడం. అధ్యాయానికొక గొంతు. అది కష్టమని తప్పించుకున్నవాళ్ళే, ఆడేవారు దాచుకున్నదాన్ని ఒక్క 'డు'తోనో 'ది'తోనో బయటపెట్టారు.

రాసేవాళ్ళ వాదనా ఉంది. పేర్లు మార్చాం, ఊరు మార్చాం అంటారు. ఒగ్గుకథ చెప్పే మనిషి ఒక్క గుక్కలో రాజైతడు, రాణైతడు, కథ ఎవరిదని ఎవరడిగారు అంటారు. కానీ ఒగ్గు కళాకారుడు తన ఇష్టంతో జనం ముందు నిలబడతాడు, ఆటబల్ల దగ్గర కూర్చున్నవారు జనం కోసం కూర్చోలేదు. పేర్లు మార్చడం సంగతి: హన్మకొండలో ఐదుగురు ఆడే బల్లంటే ఒకే కాలేజీ, ఒకే సీనియర్లు, కాజీపేటలో దిగే ఒకే శనివారం రైలు. పాత్ర ఆయుధమూ, ఊతపదమూ అట్లనే ఉంచి పేరొక్కటి మార్చితే, ఆ బ్యాచ్‌లో ఎవరికైనా రెండో అధ్యాయానికే మనిషి దొరికిపోతారు.

ఒకరి పేరును వాళ్ళనడగకుండా రాసిపెట్టడానికి ఇక్కడ వేరే చరిత్ర కూడా ఉంది. నిజాం కాలపు 1329 ఫసలీ (1919) చట్టం హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరులో ఎక్కించమన్నది, ఆడబట్టలు కట్టుకుంటే వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చన్నది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. శ్రీరామనవమికి వేములవాడలో రాజన్నను పెళ్ళాడే శివపార్వతులను, అంటే దేవుడికి తమను అర్పించుకున్న హిజ్రాలను, జోగినులను, చూసిన తెలంగాణలోనే ఇదంతా 'బయటి దేశపు రోగం' అనేవాళ్ళున్నారు, వాళ్ళతో ఇక్కడ పని లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం లైంగికత గోప్యతలో భాగమన్నది. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ కోరలు తీసింది. నేరం కాదంటే దాచుకునే హక్కు పోయిందని కాదు.

హక్కుల లెక్క వేరు. ఆట పద్ధతికి కాపీరైట్ లేదు, రాతకే ఉంది. 2023 జనవరి 27 నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం క్రియేటివ్ కామన్స్ కింద ఉంది, ఎవరిదో చెప్పి వాడుకోవచ్చు. గోబ్లిన్, డ్రాగన్ ఎవరి సొత్తూ కాదు, ఆ ఆట కంపెనీ సొంతంగా చేసుకున్న రాక్షసుల పేర్ల జోలికి పోకపోవడమే మేలు. ఇంతవరకు రాసేవాళ్ళు జాగ్రత్తగానే ఉంటారు, కంపెనీ అంటే భయం కాబట్టి. బల్ల మీద ఇద్దరు కలిసి పుట్టించిన సంభాషణ దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త కనబడదు. 1957 కాపీరైట్ చట్టంలో ఉమ్మడి రచన అంటే ఒకరి వాటాను ఇంకొకరి వాటా నుంచి విడదీయలేనిది. ప్రేమ ఒప్పుకునే సన్నివేశంలో ఏ మాట ఎవరిదో విడదీసి చూపించమంటే చూపించగలరా?

నవలగా మార్చేటప్పుడు చెడేది కూడా తరచు ఒకే చోట. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో వేసే ఇరవై ముఖాల పాచిక మీద 20 పడే అవకాశం ఇరవైలో ఒకటి, వెంటవెంటనే రెండుసార్లంటే నాలుగొందల్లో ఒకటి. నవలల్లో మాత్రం ప్రతి ముద్దుకూ 20 పడుతుంది. పైగా 2014 నియమాల్లో 20 పడితే తప్పక తగిలేది దాడికే, ఒప్పించే ప్రయత్నానికి కాదు. ఆడినవాళ్ళకు గుర్తుండేవి రెండు పాచికల ఆటలో 8 పడ్డ రాత్రులు: సగం దొరికి, ఏదో ఒకటి ఇచ్చుకోవాల్సి వచ్చినవి.

ఇక్కడ పాచికలు దొరక్క ఆగేవాళ్ళు ఎవరూ లేరు. రెండు పాచికల ఆటకు లూడో పెట్టె చాలు. ఇరవై ముఖాలది లేనప్పుడు తంబోలా బిళ్ళల్లో 1 నుంచి 20 దాకా సంచిలో వేసి తీస్తే సరిపోతుంది, తీసింది ప్రతిసారీ తిరిగి వెయ్యాలి. వెయ్యకపోతే 20 ఒకసారి వచ్చాక ఆ రాత్రికి మళ్ళీ రాదు.

అడగడమెట్లా అన్నదే మిగిలింది. 2003 నుంచి ఆటల్లో రాన్ ఎడ్వర్డ్స్ పెట్టిన 'లైన్లు, వీల్స్' (గీతలు, తెరలు) పద్ధతి ఉంది: ఏది ఆటలోకి రావొద్దో, ఏది తెర వెనకే జరగాలో ముందే చెప్పుకోవడం. దానికి మూడో వరుస చేర్చి, ఏది బల్ల దాటొద్దో మొదటి రోజే పాత్ర కాగితం వెనక రాయించాలి. నవల మాట మధ్యలో పుడితే మళ్ళీ అడగాలి, అందరి ముందు కాదు, ఒక్కొక్కరిని విడిగా. అందరి ముందు వద్దనడమే కొందరికి బయటపడడం. రాసిన చిత్తుప్రతి అచ్చుకు ముందే చూపించాలి, ముఖ్యంగా పాత్ర మనసులో అనుకున్నట్టు రాసిన వాక్యాలు. బల్ల మీద ఎవరూ అననివి అవే.

జాన్ స్టావ్రోపోలస్ పెట్టిన ఎక్స్ కార్డు దగ్గర మాత్రం చాలా బల్లలు మోసపోతాయి. బల్ల మధ్యలో ఎక్స్ గీసిన అట్టముక్క, ఎవరు తట్టినా ఆ సన్నివేశం కారణం అడగకుండా ఆగిపోతుంది. అక్కడ ఆగుతుంది, ఫోన్ రికార్డింగులో ఆగదు. నెలల తర్వాత రాసేవారు రికార్డింగు విని రాసుకుంటుంటే, తట్టి తీసేయించిన సన్నివేశం మంచి అధ్యాయంలా వినబడుతుంది. తట్టినప్పుడు గడియారం చూసి నిమిషం రాసుకుని, ఆ రాత్రే అంతమేరా కత్తిరించాలి. రికార్డింగు ఎవరి ఫోన్లో ఉందో, కత్తిరించారో లేదో తెలియాల్సింది రాసేవారికి కాదు, తట్టినవారికి.