ముందు నోటికి, తర్వాత వేళ్లకు

ఐర్లండ్ సంప్రదాయ సంగీతంలో రీల్ అనే నాట్య బాణీని మామూలు వేగంలో వాయిస్తే సెకనుకు ఏడెనిమిది స్వరాలు దొర్లిపోతాయి. కొత్తగా టిన్ విజిల్ (రేకుతో చేసిన చిన్న వేణువు) పట్టినవాళ్లకు అది వింటేనే టెన్షన్. నొటేషన్ (కాగితంమీద రాసిన స్వరాలు) లేకుండా, విని మాత్రమే పట్టుకోవడం సాధ్యమా? సాధ్యమే. షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఐరిష్ వలసదారు ఫ్రాన్సిస్ ఓనీల్‌కు నొటేషన్ రాయడం రాదు. బాణీలన్నీ జ్ఞాపకంలోనే ఉండేవి. ఆయన వినిపిస్తుంటే సహోద్యోగి జేమ్స్ ఓనీల్ రాసిపెట్టారు. అలా 1903లో 1,850 బాణీల సంకలనం అచ్చయింది.

నిజానికి బాణీ వినిపించినంత పెద్దది కాదు. సాధారణంగా రెండే భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటి చిన్న ముక్క). ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయిస్తారు కాబట్టి 32 బార్లు విన్నా కొత్తవి 16 మాత్రమే. వాటిలోనూ మొదట్లో విన్న పలుకే ఐదో బార్ దగ్గర మళ్లీ ఎదురవుతుంది. రెండో భాగం చాలాసార్లు మొదటిదానిలాగే ముగుస్తుంది. మెదడుకు విడివిడి స్వరాలకంటే ఇలాంటి గుంపులు దాచుకోవడం తేలిక. అందుకే రెండేసి బార్ల ముక్కను వింటూ కూనిరాగం తీయాలి. నోటికి వచ్చాకే విజిల్ తీయాలి. డి స్వరం ఆధారంగా ఉండే డి విజిల్‌కు ఆరు రంధ్రాలు. అన్నీ మూస్తే షడ్జమం. కింది నుంచి ఒక్కో వేలూ ఎత్తుతూ పోతే వచ్చేవి మనకు తెలిసిన శంకరాభరణం స్వరాలే.

2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో సంగీతం రానివాళ్లకు ఒక పియానో బాణీని విని వాయించడం నేర్పారు. తర్వాత స్కానర్‌లో కదలకుండా పడుకోబెట్టి అదే వినిపిస్తే, కదలికలను నడిపే మెదడు భాగాలు కూడా చురుకయ్యాయి. అంతే పరిచయమున్నా చేత్తో వాయించని బాణీకి అలా జరగలేదు. కాబట్టి కాస్త వాయించడం వచ్చిన బాణీని బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా సాధనలో భాగమే అని నా నమ్మకం.

కాగితంమీదికి ఎక్కనివి కొన్నున్నాయి. జిగ్ అనే మరో నాట్య బాణీలో మూడేసి స్వరాలను సమానంగా రాస్తారు. వాయించేవాళ్లు మొదటిదానిమీద కాస్త ఆగుతారు. 'కట్' అనే అలంకారం ఇంకా సున్నితం. ఐరిష్ బ్యాగ్‌పైప్‌కు గాలి మోచేతి కింది తిత్తి నుంచి ఆగకుండా వస్తుంది. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే రెండూ అతుక్కుపోతాయి. మధ్యలో పై వేలొకటి రెప్పపాటులో ఎత్తి దించితే విడిపోతాయి. విజిల్‌మీదా అదే పద్ధతి. మంచి కట్‌లో వేరే స్వరం వినపడదు, చిన్న చిటుకు మాత్రమే వినపడుతుంది. దాన్ని నొటేషన్‌లో చూసి నేర్చినవాళ్లు నిజమైన స్వరంలా సాగదీస్తారు, నడక కుంటుపడుతుంది. శ్రుతి మారకుండా వేగం సగానికి తగ్గించే యాప్‌లో వింటే తేడా ఇట్టే తెలుస్తుంది.

మరిచిన బాణీని గుర్తుచేసుకోవడానికి నొటేషన్ బాగా పనికొస్తుంది, కాదనను. మొదటి పరిచయం మాత్రం చెవితోనే జరగాలి. క్లేర్ కౌంటీలోని మిల్‌టౌన్ మాల్‌బేలో 1973 నుంచి జరుగుతున్న విల్లీ క్లాన్సీ వేసవి పాఠశాలలో బాణీలు ఎక్కువగా విని నేర్చుకునేవే. పబ్బుల్లో కూడివాయించే చోట ఒక బాణీని తరచుగా మూడుసార్లు తిప్పుతారు. కొత్తవాళ్లు మొదటి రెండుసార్లు విని, మూడోసారి తెలిసిన ముక్కల దగ్గర మెల్లగా కలవవచ్చు.