పెడల్ పట్టీ ఎక్కడ తప్పిపోయింది?

ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్ల గొడవ హైదరాబాద్‌లో మళ్లీ రాజుకుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో సాగే సైకిల్ ట్రాక్ మీద తెల్లవారుజామున కలిసేవాళ్ల మధ్య ఇప్పుడు ఇదే మాట. బ్రేకు లేని సైకిలును ట్రాక్ మీదికి రానివ్వకూడదని కొందరంటారు. ఆ సైకిలుకు తొక్కేవాడి కాళ్లే బ్రేకని మరికొందరంటారు. 2025 జూలైలో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒక బడి పిల్లవాడు బ్రేకు లేని ఫిక్స్‌డ్ గేర్ సైకిలు మీద వాలు రోడ్డు దిగుతూ చనిపోయాడు. మరుసటి నెలలోనే అక్కడి పోలీసులు తనిఖీలు ప్రకటించారు. పిల్లలు పదేపదే పట్టుబడితే తల్లిదండ్రులకూ హెచ్చరికలు తప్పవన్నారు. అప్పటి నుంచి ఇక్కడి వాదన కూడా వేడెక్కింది. పిల్లలకు ఈ సైకిలు కొనివ్వాలా వద్దా అని అడిగే తండ్రులు నాకే ముగ్గురు నలుగురు తగిలారు.

ఫ్రీవీల్ ఎప్పుడు పుట్టింది, న్యూయార్క్ వీధుల్లో ఉత్తరాలు చేరవేసే కుర్రాళ్లు పందెపు సైకిళ్లను రోడ్డు మీదికి ఎలా తెచ్చారు అన్న పాత కథ చాలామందికి తెలిసినదే, దాన్ని వదిలేస్తున్నాను. తెలియనివారికి ఒక్క మాట చాలు. మామూలు సైకిలు తొక్కడం ఆపినా ఫ్రీవీల్ వల్ల వెనక చక్రం టిక్ టిక్ మంటూ తిరుగుతూనే ఉంటుంది, పాదాలు కదలకుండా ఉంటాయి. ఫిక్స్‌డ్ గేర్‌లో ఆ విశ్రాంతి లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది, దానితోపాటు కాలూ తిరగాలి. ఆపాలంటే తిరుగుతున్న పెడల్‌ను కాళ్లతోనే బిగబట్టాలి.

ఎలా బిగబడతారో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే అసలు గుట్టు అక్కడే ఉంది. వెనక ఉన్న పెడల్ పైకి లేవబోతుంది, వెనక కాలు దాన్ని కిందికి అదుముతుంది. అదే క్షణంలో ముందున్న పెడల్ కిందికి దిగబోతుంది, ముందు కాలు దాన్ని పైకి లాగి పట్టుకోవాలి. అదమడానికి ఏ చెప్పయినా సరిపోతుంది. పైకి లాగాలంటే మాత్రం పాదం పెడల్‌కు కట్టి ఉండాలి. పట్టీ లేకపోతే ముందు కాలు ఉత్తినే పెడల్ మీద కూర్చుని ఉంటుంది, ఆపే పనిలో సగం బలం పోతుంది. పైగా వెనక కాలు ఒక్కసారి జారిందా, తిరుగుతున్న పెడల్ వచ్చి పిక్క మీద కొడుతుంది. బ్రేకు ఉండాలా వద్దా అని అరుచుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ పట్టీ సంగతే ఎత్తరు.

నా దృష్టిలో కథ మలుపు తిరిగింది 1984లో. అప్పటిదాకా రోడ్డు పందేల వీరులైనా, వెలోడ్రోమ్ (సైకిలు పందేల కోసమే కట్టిన గుండ్రటి ట్రాక్) వీరులైనా పాదాన్ని పెడల్‌కు కట్టుకునేది దాదాపు ఒక్క తీరుగానే. బొటనవేలి ముందు లోహపు టో క్లిప్, పాదం మీదుగా వేలెడు వెడల్పు తోలు పట్టీ, దాన్ని బిగించే చిన్న బకిల్. దిగాలంటే వంగి చేత్తో బకిల్ వదులు చేసుకోవాలి. మర్చిపోతే సైకిలుతో సహా పక్కకు కూలడమే. ఫ్రాన్స్‌లోని నెవేర్ పట్టణంలో మంచు మీద జారే స్కీలకు బూట్లను బిగించే పరికరాలు చేసే లుక్ అనే కంపెనీ ఆ కిటుకునే 1984లో సైకిలు పెడల్‌కు తెచ్చింది. బూటు అడుగున క్లీట్ అనే చిన్న పలక, పెడల్ మీద ఒక స్ప్రింగు. అదిమితే టక్కున కూర్చుంటుంది, మడమ పక్కకు తిప్పితే ఊడుతుంది. 1985లో ఫ్రెంచ్ సైకిలు వీరుడు బెర్నార్ హినో ఆ పెడల్స్ మీదే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. ఆ తర్వాత రోడ్డు పందేల్లో తోలు పట్టీకి రోజులు దగ్గరపడ్డాయి.

పందేలకు అది మంచి మలుపే. నగర వీధికి మాత్రం తేడా వచ్చింది. లుక్ క్లీట్ బూటు కింద ముద్దలా పొడుచుకుని ఉంటుంది, దానితో నాలుగు మెట్లు ఎక్కినా కాలు జారుతుంది. 1990లో సైకిలు విడిభాగాలు చేసే షిమానో కంపెనీ కొండదారుల సైకిళ్ల కోసం ఎస్‌పీడీ అనే పెడల్ తెచ్చింది. ఇందులో చిన్న క్లీట్ అడుగులోని గుంటలో దాగి ఉంటుంది కాబట్టి మామూలుగా నడవవచ్చు. కానీ దానికి వేరే బూటు, వేరే పెడల్, మంచి ధర. ఇలా పాదాన్ని పట్టి ఉంచే పని ఎక్కువగా ఖరీదైన సరుకైపోయింది. అగ్గువ తోలు పట్టీ దుకాణం అర నుంచి దిగిపోయింది. ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో ఫిక్స్‌డ్ గేర్ అమెరికా నుంచి ఫ్యాషన్‌గా ప్రపంచమంతా పాకినప్పుడు రంగురంగుల రిమ్ములు, పొట్టి హ్యాండిల్, శుభ్రంగా గీత గీసినట్టుండే ఫ్రేము వచ్చాయి. చాలా సైకిళ్లతో పట్టీ మాత్రం రాలేదు. వాటిలో పాదం కింద మిగిలింది చదునైన పెడల్ ఒక్కటే.

హైదరాబాద్‌కు ఈ సైకిలు ఆ రూపంలోనే చేరింది. వెనక చక్రానికి ఒకవైపు ఫ్రీవీల్, మరోవైపు బిగుసుకున్న పళ్ల చక్రం ఉండే ఫ్లిప్ ఫ్లాప్ హబ్‌తో దుకాణాల్లో దొరికింది. చక్రం తిప్పి బిగిస్తే చాలు, మామూలు సైకిలు ఫిక్స్‌డ్ అయిపోతుంది. అలా తిప్పాక పాదానికి ఏమి కట్టుకోవాలో చెప్పిన దుకాణదారు నాకింతవరకు తారసపడలేదు. అంత డబ్బు పెట్టలేని కుర్రాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. పాత రోడ్‌స్టర్ (రోజువారీ వాడే బరువైన సైకిలు) తీసుకుని, దాని ఫ్రీవీల్‌ను వెల్డింగ్ చేయించి బిగించేస్తారు. ఇది ఎంత ప్రమాదమో గట్టిగా చెప్పాలి. ఫ్రీవీల్ మరలు ముందుకు తొక్కేకొద్దీ బిగుస్తాయి, వెనక్కి బిగబడితే ఊడతాయి. పందెపు హబ్‌లో అలా ఊడకుండా ఎడమవైపు తిప్పితే బిగిసే లాక్‌రింగ్ అనే రింగు ఒకటి అడ్డుపడుతుంది. మామూలు హబ్‌లో అది ఉండదు. అంటే సరిగ్గా ఆపాల్సిన క్షణంలోనే పళ్ల చక్రం మరలు వదిలి, కాలి కింద పెడల్ ఖాళీగా తిరుగుతుంది. బంజారాహిల్స్ నుంచి పంజాగుట్ట వైపు దిగుతుండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

లెక్క కూడా చూద్దాం. ముందు 46 పళ్లు, వెనక 16 పళ్లు ఉన్న సైకిలు పెడల్ ఒక్క చుట్టుకు దాదాపు 6 మీటర్లు పోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో కాళ్లు నిమిషానికి 69 సార్లు తిరుగుతాయి, అది హాయి. వాలులో వేగం 40కి చేరితే 110 చుట్లు. ఆ వేగంలో తిరుగుతున్న పెడల్ మీద వట్టి చెప్పు నిలవదు. కాళ్లు బిగించి వెనక చక్రాన్ని జార్చుతూ ఆపే విద్యలోనూ ఒక మెలిక ఉంది. 48 పళ్లకు 16 పళ్లు పెట్టుకున్నవాడు ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి జార్చితే టైరు ప్రతిసారీ ఒకే చోట అరుగుతుంది, త్వరలోనే అక్కడ దారాలు బయటపడతాయి. అదే 17 పళ్లు పెట్టుకుంటే ఆ అరుగుదల 17 చోట్లకు పంచుకుపోతుంది. ఒక్క పన్ను తేడా ఇంత పని చేస్తుంది.

బ్రేకు వద్దనేవాళ్ల మాట కూడా చెప్పాలి. వెలోడ్రోమ్‌లో ఎవరికీ బ్రేకు ఉండదు, అక్కడ బ్రేకు నిషేధం. కాళ్లతో ఆపడం నేర్చినవాడు రోడ్డును ముందుగానే చదువుతాడు, తొందరపడడు అంటారు. నిజమే. కానీ వెలోడ్రోమ్‌లో అందరూ ఒకే దిక్కుకు పోతారు, అడ్డంగా ఆటో రాదు.

అలాంటి వెలోడ్రోమ్ ఒకటి మన ఊళ్లోనే ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కట్టారు. నగరంలో ఫిక్స్‌డ్ గేర్‌కు అసలైన బడి అది. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకు కట్టిన చెక్క ట్రాక్‌కు దొరికిన ఆదరణ మన దానికి దొరకలేదు. ఢిల్లీ ట్రాక్ మీద సాధన చేసిన భారత కుర్రాళ్లు 2019లో జూనియర్ ప్రపంచ పోటీల టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం తెచ్చారు. మన వీధుల్లో ఫిక్స్‌డ్ గేర్ తొక్కే పిల్లల్లో ఎక్కువమంది ఉస్మానియా ట్రాక్ గడప తొక్కి ఉండరు. తొక్కి ఉంటే పాదం కట్టకుండా ఏ కోచ్ కూడా సైకిలు ఎక్కనివ్వడు. జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కెయిరిన్ అనే ట్రాక్ సైకిలు పందేల్లో ఈనాటికీ టో క్లిప్పులు, తోలు పట్టీలే. తోటివారంతా వదిలేసిన పట్టీని వాళ్లు బిగించి కట్టుకుని పోటీ పడుతున్నారు.

చట్టాల మాటకొస్తే, ఈ వాదనకు నాకు తెలిసి అన్నిటికంటే తెలివైన జవాబు బ్రిటన్ 1983 నిబంధనల్లో ఉంది. రోడ్డు మీద సైకిలుకు రెండు వేర్వేరు బ్రేకులుండాలి. ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనక బ్రేకుగా లెక్కవేస్తారు, కాబట్టి ముందు బ్రేకు ఒకటి తప్పనిసరి. ఎవరి సైకిలునూ లాక్కోనక్కర్లేదు. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని సైకిలు ఢీకొని రోడ్డు దాటుతున్న మహిళ చనిపోయినప్పుడు, తొక్కిన యువకుడికి మరుసటి ఏడాది 18 నెలల శిక్ష పడింది. గుర్రపు బళ్ల కాలం నాటి 1861 చట్టం కింద ఆ శిక్ష వేశారు. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం ప్రధానంగా మోటారు బళ్లది, మామూలు సైకిలు దాని లెక్కలో మోటారు వాహనం కాదు. అందుకే ఇక్కడ వాదన ట్రాఫిక్ పోలీసు దగ్గర తేలదు, ఇంటి గుమ్మం దగ్గరే తేలాలి.

ముందు బ్రేకు ఎందుకంటే, ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. కాళ్లు ఎంత బలమైనవైనా వెనక చక్రంతో మాత్రమే ఆగితే పట్టే దూరం ముందు బ్రేకుతో ఆగే దూరానికి దాదాపు రెట్టింపు. వానాకాలం మన రోడ్ల మీద ఇంకా ఎక్కువ. పట్టీ, ముందు బ్రేకు రెండూ కావాలి. ఇది ట్రాక్ మీద చాలా ఏళ్లుగా తొక్కుతున్న పెద్దల మాట, నా మాట కూడా.

ఇక బూటు. అడుగు మరీ మెత్తగా ఉంటే పెడల్ అంచు మీద వంగిపోతుంది, అరగంటలో అరికాలు మండుతుంది. మరీ మందంగా ఉంటే పట్టీలో దూరదు. చదునైన, కాస్త గట్టి రబ్బరు అడుగున్న కాన్వాస్ బూటు సరిగ్గా సరిపోతుంది. లేసు కొసలు బూటు లోపలికి దోపుకోవాలి. ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. మూడేళ్ల కిందట నెక్లెస్ రోడ్డు మీద నా కుడి బూటు లేసు ఊడి పెడల్ ఇరుసుకు చుట్టుకుంది. మామూలు సైకిలైతే కాలు ఆపి విప్పుకునేవాడిని. ఇది ఆగదు కదా. ఒక్కో చుట్టుకూ లేసు ఇంకో చుట్టు బిగుసుకుంటూ పాదాన్ని లాగేసింది. ముందు బ్రేకు ఉంది కాబట్టి ఆగాను. పాత రోజుల్లో ప్యాంటు కాలికి పెట్టుకునే క్లిప్పు ఎందుకో అప్పుడు బాగా అర్థమైంది. ఈ సైకిళ్లకు చైన్ కవర్ ఉండదు, వదులు ప్యాంటు కుడి కాలు చైనులో పడితే లేసు కంటే వేగంగా లాగుతుంది.

పట్టీ కోసం వెతికి వెతికి చివరకు చిక్కడపల్లిలో పేవ్‌మెంటు మీద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పెడల్ ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు.

“కాలు దీనిలో బిగించి ఉంచాలా సార్?”

“అవును బాబాయ్. మడమ లోపలికి తిప్పితే బిగియాలి, బయటికి తిప్పితే వదలాలి.”

“వదలకపోతే పడిపోతారు.”

“అందుకే మీ దగ్గరికి వచ్చాను.”

బడి సంచీకి వేసే నైలాన్ పట్టీని నాలుగు వేళ్ల వెడల్పు వచ్చేలా రెండు వరసలు జోడించి, కొసల్లో వెల్క్రో కుట్టాడు. పెడల్‌కు అడ్డంగా కాకుండా ఏటవాలుగా దూర్చమని నేను చెప్పకముందే ఆయనే అలా పెట్టి, తన చెప్పులేని పాదం దూర్చి, మడమ తిప్పి చూసుకున్నాడు. ఒకసారి బిగిసింది, ఇంకోసారి వదిలింది. రెండో దానికి కుట్టు ఇంకో అంగుళం లోపలికి జరిపాడు. మొన్న ఔటర్ ట్రాక్ మీద నా పెడల్స్ చూసిన ఇద్దరు పిల్లలు ఆ పట్టీలు ఏ దేశానివని అడిగారు. చిక్కడపల్లి దారి చెప్పాను. వాళ్ల సైకిళ్లకు ముందు బ్రేకు బిగించే రంధ్రం ఫోర్కులో ఉందో లేదో వంగి చూశాను. రెండింటికీ ఉంది.