మూడు పెన్నీల మొలాసిస్ సుంకం: రేటు తగ్గించినా తిరుగుబాటు ఎందుకు వచ్చింది?

దిగుమతి సుంకాలు వేసే అధికారం అధ్యక్షుడిదా, కాంగ్రెస్‌దా అన్న వివాదం అమెరికాలో చల్లారడం లేదు. అత్యవసర ఆర్థికాధికారాలకు సంబంధించిన 1977 నాటి చట్టంలో దిగుమతులను ‘నియంత్రించవచ్చు’ అన్న మాటను ఆధారం చేసుకుని వైట్‌హౌస్ 2025లో దేశదేశాల సరుకులపై సుంకాలు ప్రకటించింది. మన దేశం నుంచి వెళ్ళే అనేక సరుకులపై అవి ఆగస్టు 27 నాటికి 50 శాతానికి చేరడంతో గోదావరి జిల్లాల రొయ్యల రైతు కూడా ఆ చట్టం సంగతి ఆరా తీయవలసి వచ్చింది. నియంత్రించడమంటే పన్ను వేయడం కూడానా అన్న ప్రశ్నపై అదే ఏడాది నవంబరు 5న అక్కడి సుప్రీంకోర్టు సుదీర్ఘంగా వాదనలు విన్నది. స్వాతంత్ర్య ప్రకటన 250వ వార్షికోత్సవం పేరిట 1773లో బోస్టన్ రేవులో టీ పెట్టెలను సముద్రంలో పారబోసిన కథను అందరూ తలుచుకుంటున్నారు. అయితే ఆ పెట్టెల దాకా తెచ్చిన తగవు సరిగ్గా ఈ ‘నియంత్రణ’ అన్న మాట దగ్గరే మొదలైంది.

మేఫ్లవర్ ఓడ మొదలుకొని అమెరికాలో పదమూడు బ్రిటిష్ వలసలు ఏర్పడిన క్రమం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కనుక నేరుగా 1764కు రావచ్చు. ఈశాన్య తీరాన ఉన్న ఆనాటి న్యూ ఇంగ్లాండు వలసల రేవుపట్టణాల బతుకుతెరువు చాలావరకు మొలాసిస్‌తో, అంటే చెరకు నుంచి చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకంతో, ముడిపడి ఉండేది. కరీబియన్ దీవుల చక్కెర తోటల నుంచి దాన్ని తెచ్చి రమ్ము కాచేవారు. తమ వలసకు ఏటా వచ్చే 14,000 పీపాల మొలాసిస్‌లో ఇంగ్లీషు దీవుల నుంచి వచ్చేది 2,500 పీపాలకు మించదని, ముప్పైకి పైగా బట్టీలు దానిమీదే నడుస్తున్నాయని రోడ్ ఐలాండు శాసనసభ ఆ ఏడాది లండనుకు విన్నవించుకుంది. ఆ రమ్ములో కొంత భాగం ఆఫ్రికా తీరానికి వెళ్ళి బానిసలను కొనేదన్న సంగతిని ఆ విన్నపమే, ఏ సంకోచమూ లేకుండా, వ్యాపార లెక్కల్లో చేర్చింది. స్వేచ్ఛను గురించి తర్వాత వినిపించిన గొప్ప మాటలు చదివేటప్పుడు ఈ పద్దును కూడా పక్కన పెట్టుకోవాలి.

విదేశీ మొలాసిస్‌పై గాలనుకు ఆరు పెన్నీల సుంకం 1733 నుంచే ఉంది. ఫ్రెంచి దీవుల సరుకును రాకుండా అడ్డుకోవడమే దాని ఉద్దేశం. దాన్ని నిజాయితీగా కట్టినవారు బహు తక్కువ, కట్టలేదని పెద్దగా పట్టించుకున్నవారూ తక్కువే. ఫ్రాన్సుతో ఏడేళ్ళ యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పు 12 కోట్ల పౌండ్లు దాటింది, అమెరికాలో సుమారు పదివేల మంది సైనికులను నిలిపి ఉంచవలసి వచ్చింది. పైగా ఏటా రెండు వేల పౌండ్ల కస్టమ్స్ రాబడికి ఎనిమిది వేల పౌండ్లు ఖర్చవుతున్నట్టు ప్రధాని జార్జి గ్రెన్‌విల్ లెక్క తీశాడు. ఆయన 1764లో సుంకాన్ని మూడు పెన్నీలకు తగ్గించి, వసూలును మాత్రం కట్టుదిట్టం చేశాడు. లండను కళ్ళతో చూస్తే ఇందులో అన్యాయమేమీ కనిపించదు.

కాని సగానికి తగ్గిన ఆ సుంకమే అసలు మలుపు. అమెరికాలో ఆదాయం సమకూర్చుకోవడం న్యాయమూ అవసరమూ అని ఆ చట్టం పీఠికలోనే రాశారు. అంతవరకు సుంకం వర్తకానికి వేసిన గట్టు. ఇకనుంచి అది ఖజానాకు తవ్విన కాలువ. పత్రాలపై, పత్రికలపై పన్ను వేస్తూ ఆ మరుసటి ఏడాది వచ్చిన స్టాంపు చట్టం, దానిపై అల్లర్లు, 1766లో దాని రద్దు చాలా హడావుడి చేసిన ఘట్టాలే అయినా, పీఠికలోని ఆ ఒక్క వాక్యం లేకపోతే అవి అర్థం కావు.

స్టాంపు చట్టం గొడవలో అమెరికన్ల అభ్యంతరం లోపలి పన్నులపైనేనని, రేవులో కట్టే సుంకాలపై కాదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభ ముందు చెప్పాడు. అలాగైతే రేవులోనే వసూలు చేద్దామన్నట్టుగా ఆర్థికమంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీలపై సుంకాలు వేయించాడు. దానికి సమాధానం ఫిలడెల్ఫియా న్యాయవాది జాన్ డికిన్సన్ పత్రికలో రాసిన పన్నెండు లేఖల్లో దొరికింది. వర్తకాన్ని నియంత్రించే అధికారం పార్లమెంటుకు ఉందని ఆయన ఒప్పుకున్నాడు; కాని నియంత్రణ పేరు చెప్పి రాబడి కోసం సుంకం వేస్తే అది పన్నే అవుతుందని, పన్ను వేసే హక్కు ప్రజలు ఎన్నుకున్న సభలకే ఉంటుందని వాదించాడు. 2025లో అమెరికా కోర్టుల్లో నలిగిన వాదానికి ఇంతకంటే దగ్గరి పూర్వరూపం మరొకటి కనిపించదు.

సుంకపు సొమ్ము ఎక్కడికి వెళ్ళిందన్నది మరో ముఖ్యాంశం. అంతకుముందు చాలా వలసల్లో గవర్నరు జీతం స్థానిక శాసనసభ చేతిలో ఉండేది. మాట వినని గవర్నరుకు జీతం ఆపేది. టౌన్‌షెండ్ సుంకాల రాబడితో గవర్నర్లకు, న్యాయమూర్తులకు జీతాలిస్తే ఆ పట్టు సడలిపోతుంది. మసాచుసెట్స్ గవర్నరు థామస్ హచిన్సన్‌కు జీతం ఇకమీదట రాజఖజానా నుంచే అందుతుందన్న వార్త 1772లో వెల్లడైనప్పుడు బోస్టన్ భగ్గుమన్నది. సుంకం ఎగవేసిన కేసులు జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాలకు వెళ్ళడం అప్పటికే మరో మంటగా ఉంది.

వలసలు బ్రిటిష్ సరుకును బహిష్కరించాయి, ఆడవాళ్ళు గుమికూడి నూలు వడికారు. 1769లో మంత్రివర్గం మిగతా సుంకాలు ఎత్తివేసి, టీపై పౌండుకు మూడు పెన్నీలను మాత్రం ఉంచాలని అయిదుగురు అవునని, నలుగురు కాదని నిర్ణయించింది. పన్ను వేసే హక్కు పార్లమెంటుదేనని చాటడానికే అది మిగిలింది.

ఈలోగా ఈస్టిండియా కంపెనీ దివాలా అంచుకు చేరింది. 1765లో బెంగాల్ దివానీని, మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందం ద్వారా మన ఉత్తర సర్కారులను చేజిక్కించుకున్న కంపెనీయే ఇది. దాని గిడ్డంగుల్లో పేరుకున్న టీని వదిలించుకోవడానికి 1773లో చేసిన చట్టం వల్ల అమెరికాలో టీ నిజానికి చవకయ్యేది. చవకైనా అక్కర్లేదన్నారు. బెంగాల్ కరువులో కంపెనీ నడవడిని గుర్తుచేస్తూ, ఆసియాలో చేసినదే ఇక్కడా చేస్తుందని డికిన్సన్ హెచ్చరించాడు. బోస్టన్‌లో టీ అందుకోవలసిన వర్తకుల్లో గవర్నరు కొడుకులు ఇద్దరు ఉన్నారు. ఓడలను తిప్పి పంపడానికి గవర్నరు ఒప్పుకోలేదు. డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెలు నీళ్ళపాలయ్యాయి. ఆ తర్వాత బోస్టన్ రేవు మూత, వలసల ప్రతినిధుల కాంగ్రెస్ సమావేశం, యుద్ధానికి నాంది పలికిన లెక్సింగ్టన్ కాల్పులు సుమారు పదహారు నెలల్లో జరిగిపోయాయి.

1787 రాజ్యాంగం పన్నులు, సుంకాలు వేసే అధికారాన్ని ఒక ఉపవాక్యంలో, వర్తకాన్ని నియంత్రించే అధికారాన్ని మరో ఉపవాక్యంలో విడివిడిగా రాసి, రెండింటినీ కాంగ్రెస్‌కే అప్పగించింది. ఆ కాంగ్రెస్ చేసిన తొలి చట్టాల్లో ఒకటి సుంకాల చట్టమే. జార్జి వాషింగ్టన్ దానిపై సంతకం చేసిన తేదీ 1789 జూలై 4. అందులో మొలాసిస్ మళ్ళీ వచ్చింది. మసాచుసెట్స్ సభ్యులు సభలో గట్టిగా పోట్లాడి తగ్గించుకోగా, చివరకు గాలనుకు రెండున్నర సెంట్లు ఖరారైంది.